పరమేశ్వర్ దివాలాకు ఎనభై మూడు నోటీసులు

మా నిజామాబాదులో "ఫలానాయన ఐపీ పెట్టిండు" అంటే ఇంకేమీ చెప్పనక్కర్లేదు. నా దగ్గర ఏమీ లేదు, అప్పులు కట్టలేను, నేను దివాలా తీశానని ప్రకటించండి అని కోర్టుకు దరఖాస్తు పెట్టుకున్నాడని అర్థం. చిట్టీలు నడిపి మునిగినవాళ్లు పెడతారు. బట్టల దుకాణం పెట్టి బోల్తాపడ్డవాళ్లు పెడతారు. మునగకుండానే మునిగామని చెప్పుకోదలచినవాళ్లూ పెడతారు. ఐపీ పెట్టినవాడికి కిరాణా కొట్టులో అగ్గిపెట్టె కూడా అరువు దొరకదు. మరుసటి ఏడు అతనే కొత్త బండి మీద కనబడతాడు, అది వేరే సంగతి. చదువుకున్నందుకు ఐపీ పెట్టినవాణ్ని మాత్రం నేను ఒక్కణ్నే చూశాను. అతని పేరు పరమేశ్వర్.

కంఠేశ్వర్‌లో గుడికి పోయే దారిలో చెరుకు రసం బండి అతనిది. ముప్పై అయిదేళ్లుంటాయి. మనిషి పొడుగు, మాట మెల్లగా ఉంటుంది. రసం తీసే మిషన్ పక్కన డబ్బాలో ఒక చిన్న పరికరం ఉంటుంది. దాని అద్దం మీద ఒక చుక్క రసం వేసి, కంటికి పెట్టుకుని వెలుతురు వైపు చూస్తే రసంలో తీపి ఎంత శాతమో తెలుస్తుంది. అడిగినా అడక్కపోయినా ప్రతి గిరాకీకి ఆ లెక్క చెప్పేవాడు. "అన్నా, ఇయ్యాల పంతొమ్మిదున్నర ఉంది, ఫస్ట్ క్లాస్ చెరుకు" అనేవాడు గర్వంగా. షుగరున్నవాళ్లు ఆ మాట విని గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయేవారు. పక్క బండివాడు ఏ శాతమూ చెప్పకుండా ఇతనికి రెట్టింపు అమ్ముకునేవాడు.

ఆ పరికరం వెనక ఆరు లక్షల చదువుంది.

పరమేశ్వర్ వాళ్ల బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు పాకం వండే పాన్ దగ్గర పనిచేసేవాడు. నేను అదే ఫ్యాక్టరీ స్టోర్సులో ఉండేవాణ్ని, ఒకే వరస క్వార్టర్లు మావి. కొడుకు కెమిస్ట్రీతో డిగ్రీ పూర్తిచేయగానే అందరి పిల్లల్లాగా హైదరాబాదు పోయి కంప్యూటర్ నేర్చుకుంటానన్నాడు. తండ్రి ఒప్పుకోలేదు.

"ఇంటి ముందట ఫ్యాక్టరీ వెట్టుకొని పట్నంల కిరాయికుండుడేందిరా? చక్కెర సదువు. కంప్యూటర్లు ఇయ్యాలుంటయి, రేపు పోతయి. ఫ్యాక్టరీ యాడికి వోతది?"

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ రోజు ఆ మాటకు క్వార్టర్లలో తల ఊపనివాడు లేడు. నేనూ ఊపాను.

అలా 2012లో మహారాష్ట్రలో ఒక ప్రైవేటు కాలేజీలో చక్కెర తయారీ చదువుకు సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు కలిపి ఆరు లక్షలు. బ్యాంకు ఇస్తామంది కానీ, నాలుగు లక్షలు దాటితే బయటి మనిషి జమానత్, అంటే పూచీ, కావాలంది. పరమేశ్వర్ మేనమామ లింబాద్రి మోర్తాడ్‌లో పసుపు వేసే రైతు. పసుపు డబ్బుల కోసం నిజామాబాదు మార్కెట్ యార్డు దగ్గరి శాఖలో ఆయనకు ఖాతా ఉండేది. అదే శాఖలో కూర్చుని, ఏ కాగితమో అడక్కుండా చెప్పిన చోటల్లా సంతకం చేశాడు. అక్క కొడుకు చదువుతున్నాడు, అంతే ఆయనకు తెలిసింది.

పరమేశ్వర్ మూడేళ్లు చదివి 2015 ఎండాకాలం తిరిగొచ్చాడు. ఆ చలికాలమే ఫ్యాక్టరీకి తాళం పడింది. ఈ రెండింటికీ సంబంధం లేదని క్వార్టర్లలో అందరికీ తెలుసు. అయినా "పోరడు సదువుకొని వచ్చిండు, ఫ్యాక్టరీ వోయింది" అని ఒకటే వాక్యంగా చెప్పుకునేవారు.

తర్వాత అతను సరిహద్దు అవతలి ఫ్యాక్టరీల్లో మూడు సీజన్లు చేశాడు. చెరుకు ఆడించే అయిదు నెలలు జీతం, మిగతా ఏడు నెలలు ఆశ. జీతం వచ్చిన నెలల్లో కిస్తీ కట్టాడు. 2019లో బాపు పోయాడు. తల్లి తిరుపతమ్మ ఒంటరిదైంది. పరమేశ్వర్ వచ్చేసి, క్వార్టరు ఖాళీ చేసి, తల్లితో నిజామాబాదులో కిరాయికి దిగి, రసం బండి పెట్టాడు. కిస్తీలు ఆగిపోయాయి. బ్యాంకు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అతను మూడుసార్లు నంబరు మార్చాడు. ఉత్తరాలు వచ్చేవి, విప్పకుండా బియ్యం డబ్బా కింద పెట్టేవాడు. పిల్లనిస్తామని వచ్చిన ఒకాయన కులం, గోత్రం అడగక ముందే సిబిల్ స్కోరు ఎంత అని అడిగాడట. ఆ సంబంధం గురించి తిరుపతమ్మ ఇప్పటికీ "గా కంప్యూటరాయన" అంటుంది.

ఇలా అయిదేళ్లు గడిచాయి. ఆరు లక్షలు పదకొండు దాటాయి. అతను చూడనంత కాలం అప్పు కూడా అతన్ని చూడదనుకున్నాడు. 2024 మార్చిలో లింబాద్రి ఫోన్ చేశాడు.

"అల్లుడా, మంచిగున్నవా? అక్క మంచిగుందా? పసుపు అమ్మిన. రెండు లక్షల అరవై వేలు ఖాతాల పడ్డయి. తీద్దామని పోతె రావంటున్నరు. హోల్డ్ అట. హోల్డ్ అంటె ఏందిరా?"

"ఏమో మామ. కంప్యూటర్‌ల ఏమన్న ఖరాబయిందేమో."

"నేను గూడ గదే అన్న. గాడ మేడం కాదన్నది. నీ పేరు చెప్పింది."

పరమేశ్వర్ ఆ రోజు బండి తీయలేదు. నేను సాయంత్రం అటు పోతే మిషన్ మీద గోనె కప్పి, దాని పక్కనే కూర్చుని ఉన్నాడు. జూన్‌లో మళ్లీ పసుపు పెట్టాలి. విత్తనపు కొమ్ములు కొనాలి, కూలీలకు ఇయ్యాలి, ఆ రెండు లక్షల అరవై వేలే మామ ఏడాది. "మామ నన్ను ఒక్క మాట అనలే పెదనాన్నా" అన్నాడు. "అక్క మంచిగుందా అని రెండుసార్లు అడిగిండు."

మర్నాడు కోర్టు దగ్గర రాజారాం అనే వకీలు దగ్గరికి వెళ్లాడు. ఐపీలు వేయడంలో ఆయనకు పేరుంది. ఆ సంభాషణ తర్వాత నాకు పరమేశ్వరే చెప్పాడు.

"అప్పు అయిదు వందలు దాటితె చాలు, ఐపీ పెట్టొచ్చు. ఇంగ్లీషోళ్ల కాలంనాటి చట్టం" అన్నాడు వకీలు.

"అయిదు వందలా? గట్లయితె మా గల్లీ అంత దివాలనే సార్."

"వాళ్లకు నా ఫీజు ఇచ్చే తాకత్ లేదు. అందుకే నీతిమంతుల్లెక్క బతుకుతున్నరు. నీకు ఆస్తి ఏముంది?"

"రసం మిషినుంది."

"అది పనిముట్టు. పనిముట్టు ముట్టొద్దని వాదిస్త. ఇంకేముంది?"

"సర్టిఫికెట్లున్నయి."

"అవి ఎవడు కొంటడు? రాసుకోకు."

"సార్, నేను దివాల అయితె అప్పు పోతదా?"

"నీ మీద పోతది."

పరమేశ్వర్‌కు అంతే చాలింది. అప్పే పోయాక జమానత్ ఎక్కడుంటుంది, మామ డబ్బులు వదిలేస్తారు అనుకున్నాడు. ఆ మాట బయటికి అడిగి ఉంటే ఈ కథ లేదు. అడగలేదు. మామకు కూడా చెప్పలేదు. పని అయ్యాక చెబుదామనుకున్నాడు.

వకీలు ఇంకో మాట చెప్పాడు. "నీకు అప్పిచ్చినోళ్ల పేర్లు అన్ని కావాలె. ఒక్కటి దాసినా కేసు ఖరాబైతది. ఎన్ని పేర్లుంటె అంత మంచిది, కేసు బరువుగ కనిపిస్తది. రాతలల్ల ఏమున్నా పట్టుకరా."

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంట్లో ఏ శుభకార్యమైనా, వచ్చినవాళ్లు తోచినంత డబ్బు పెడతారు. వాటిని కట్నాలంటాం. వాకిట్లో ఒకరు కూర్చుని పేరు, పెట్టిన మొత్తం పుస్తకంలో రాస్తారు. ఎందుకంటే రేపు వాళ్లింట్లో కార్యమైతే ఆ పుస్తకం తీసి చూసి, ఒక రూపాయన్నా ఎక్కువ తిరిగి పెట్టాలి. పరమేశ్వర్‌కు సీటొచ్చినప్పుడు తిరుపతమ్మ సత్యనారాయణ వ్రతం చేసి క్వార్టర్లన్నింటికీ భోజనాలు పెట్టింది. పోరడు పరాయి రాష్ట్రం పోతున్నాడని అందరూ కట్నాలు పెట్టారు. పుస్తకం రాసింది నేనే. గుండ్రంగా రాస్తానని ఆ పని ఎప్పుడూ నాకే అప్పగించేవారు. పేర్లకు పైన "పరమేశ్వర్ చదువు నిమిత్తం ఇచ్చినవారు" అని శీర్షిక కూడా పెట్టాను. జన్మంతా పుస్తకాలు చదివినవాడికి శీర్షిక లేని కాగితం బోసిగా కనిపిస్తుంది.

వకీలు అడిగాడని కొడుకు చెప్పగానే తిరుపతమ్మ ఇనప పెట్టెలోంచి ఆ పుస్తకం తీసింది.

"నీ సదువుకు ఎవలెవలు ఎంత ఇచ్చిండ్రో రాసింది గిదే గదరా."

"అవి అప్పులు గావు అవ్వా. కట్నాలు."

"ఎట్ల గావు? సుమిత్రమ్మ నూటొక్క రూపాయి వెట్టింది. ఆమె బిడ్డ లగ్గానికి మనం వెట్టినమా? మీ బాపు అప్పుడే వాయె. వెట్టకపోతె బాకీ గాదా? ఒక్క పేరు దాసినా ఖరాబంటివి. దాస్తవా మరి?"

పరమేశ్వర్ పుస్తకం తీసుకుపోయి వకీలు గుమస్తా చేతిలో పెట్టాడు. కావలసినవి చూసుకోమన్నాడు. గుమస్తా నా శీర్షిక చదివాడు. కావలసినవి కాదు, మొత్తం కావలసినవే అనుకున్నాడు. బ్యాంకు పేరు పైన పెట్టి, కింద ఎనభై రెండు పేర్లు వరసగా కొట్టాడు. స్టీలు బకెట్ పెట్టినావిడ పేరు ఎదురుగా బకెట్ ఖరీదు తనకు తోచినట్టు రెండు వందలని వేశాడు. పెద్ద జాబితా చూసి వకీలు సంతోషపడ్డాడు. లోపల చదవలేదు.

అప్పిచ్చిన ప్రతి ఒక్కరికీ కోర్టు నుంచి రిజిస్టర్డ్ నోటీసు పోవాలి. మొత్తం ఎనభై మూడు. ఆ ఖర్చు దివాలా తీసేవాడే పెట్టుకోవాలి. వకీలు ఫీజు పదిహేను వేలు, నోటీసులకు ఆరు వేలు. చేతిలో పదిహేనే ఉంటే, రోజూ వచ్చి వసూలు చేసుకునే ఫైనాన్సు ఆయన దగ్గర పరమేశ్వర్ ఆరు వేలు తీసుకున్నాడు. అంటే అప్పు లేదనిపించుకోవడానికి కొత్త అప్పు. ఆ జాబితాలో లేని ఒకే ఒక్క అసలైన అప్పులాయన అతనే.

నోటీసు నాకూ వచ్చింది. పిటిషనరు మీకు నూటపదహారు రూపాయలు బాకీ ఉన్నాడు, ఫలానా తేదీన హాజరు కండి అని. డెబ్బై ఏళ్ల బతుకులో నాకు ఒకరు బాకీ ఉన్నారని సర్కారు ఒప్పుకోవడం అదే మొదలు. దాన్ని రెండుసార్లు చదివి మడిచి పెట్టుకున్నాను. ఆ తర్వాతే అందులో ఉన్న అనర్థం తట్టింది. బండి దగ్గరికి పోయాను. పరమేశ్వర్‌కు అప్పటికే ఫోన్లు మొదలయ్యాయి. నోటీసులన్నీ పోయాయి, ఇక ఆపేదేమీ లేదు.

విచారణ రోజు ఏప్రిల్ ఎండ. ఎనభై మూడులో కొన్ని "చిరునామాలో లేరు" అని తిరిగొచ్చాయట. ఏడుగురు చనిపోయారు. అయినా నలభై ఒక్క మంది వచ్చారు. కోర్టంటే పిలిచాక రాకపోతే పట్టుకపోతారన్న భయంతో కొందరు, ఏమన్నా పంచుతున్నారేమోనని కొందరు. అందరూ లగ్గానికి వచ్చినట్టు ఇస్త్రీ బట్టల్లో వచ్చారు.

సుమిత్రమ్మ అందరికంటే ముందు దొరకబట్టింది.

"ఏందిరా పరమేశా, నూటొక్క రూపాయికి నన్ను కోర్టు మెట్లెక్కిస్తివి? నా పెనిమిటి భూమి కొట్లాటకు గూడ ఎక్కలే నేను."

"తప్పయింది పెద్దమ్మ."

"తప్పేం తప్పు. ఇస్తవా ఇయ్యవా?"

వెనక నుంచి బకెట్ ఆవిడ అందుకుంది. "నా బకెట్ రెండు వందలని ఎవడు రాసిండు? అప్పుడే మూడు వందల యాభై దానికి. అడుగున రాగి వేసింది."

"బకెట్ ఇంట్లనే ఉందక్క. తెచ్చిస్త."

"పన్నెండేండ్లు నీళ్లు తోడినంక ఇస్తవా? కిరాయి గూడ లెక్కగట్టు."

వేరే కేసులకు వచ్చినవాళ్లు తమ గొడవలు మరిచిపోయి చూస్తున్నారు. ఇద్దరు కుర్ర వకీళ్లు బెంచీ ఎక్కారు. కాసేపయ్యాక మాత్రం ఆ వసారాలో తిట్లు పలచబడ్డాయి. ఫ్యాక్టరీ మూతపడ్డాక క్వార్టర్ల జనం తలా ఒక దిక్కు పోయారు. ఎవరు బతికున్నారో, ఎవరు ఎక్కడున్నారో ఎనిమిదేళ్లుగా ఎవరికీ తెలియదు. "నువ్వు ఆర్మూర్ల ఉంటున్నవా? నాకు చెప్పనే లేదు," "మీ ఆయన మోకాళ్లెట్లున్నయి" అని మొదలైంది. అందరినీ ఒక చోటికి రప్పించడానికి మా ఊళ్లో పెద్దమనుషులు చేయలేని పని ఒక గుమస్తా చేశాడు. వాళ్లలో అరుణ్ అని ఒకప్పుడు ల్యాబులో సీసాలు కడిగినతను ఉన్నాడు. ఇప్పుడు సరిహద్దు అవతల ఒక ఫ్యాక్టరీలో ల్యాబుకే పెద్ద. అతను పరమేశ్వర్ భుజం మీద చెయ్యేసి, "యాభై రూపాయలు పెట్టిన నేను, వడ్డీ వద్దు గని, ల్యాబు పని యాదికుందా మర్సినవా?" అని అడుగుతుండగా లింబాద్రి వచ్చాడు.

మోర్తాడ్ బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. చేతిలో నోటీసు, నాలుగు మడతలు. అరవై రెండేళ్ల మనిషి, గోళ్ల సందుల్లో పసుపు పోనేపోదు. ఆయన పేరు జాబితాలో అయిదువేల ఒక్క రూపాయి దగ్గరుంది. అందరికంటే పెద్ద కట్నం.

పరమేశ్వర్ ఎదురెళ్లాడు. "మామ, నీ పైసలు ఇడిపిద్దామని పెట్టిన. నీకు తర్వాత చెప్దామనుకున్న."

"పోస్టాయన చెప్పిండు తీ. నాకొక్కనికే గాదు, హోటల్ల కూసున్నోళ్లందరికి చదివి చెప్పిండు." లింబాద్రి గొంతు పెంచలేదు. "గది వట్టుకొని నిన్న బ్యాంకుకు పోయిన. గా మేడం చదివింది. నువ్వు దివాల తీస్తె ఇగ నిన్ను అడగరాదట. నన్ను అడగొచ్చట. నిన్నటి దాక ఇద్దరం బాకీదార్లం అల్లుడా. నువ్వు గెలిస్తె నేనొక్కన్నే."

పరమేశ్వర్ వకీలు వైపు తిరిగాడు. "వకీల్ సాబ్, నిజమేనా?"

"చట్టం గంతే. అప్పు తీసుకున్నోడు విడుదలైనా జమానత్‌దారు విడుదల గాడు."

"మరి నాకు చెప్పలేదేంది సార్?"

"నువ్వు నీ సంగతి అడిగినవు. నీ సంగతి చెప్పిన. మీ మామ నా క్లయింటు గాదు గదా."

వకీలు చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఎవరూ ఏమీ అనలేకపోయారు, సుమిత్రమ్మ తప్ప. ఆమె అన్నది నేను రాయను.

"ఇప్పుడే తీసేయుండ్రి కేసు" అన్నాడు పరమేశ్వర్.

"పెట్టుడు నీ ఇష్టం. తీసుడు కోర్టు ఇష్టం. జడ్జిగారు ఒప్పుకోవాలె."

పేరు పిలిచారు. ఉపసంహరణకు అనుమతి కావాలని వకీలు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. జడ్జిగారు వాకిలి దాకా నిండిన జనాన్ని చూసి, ఫైలు చూసి, స్టీలు బకెట్ దగ్గర ఒక క్షణం ఆగినట్టున్నారు. "ఎందుకు వద్దనుకుంటున్నావు?" అని పరమేశ్వర్‌నే అడిగారు.

"సార్, నేనొక్కన్నే దివాల అయితననుకున్న. మా మామ గూడ అయితడని ఎరుక లేకుండె."

జడ్జిగారు నవ్వలేదు. వచ్చినవాళ్లందరి దగ్గర అభ్యంతరం లేదని సంతకాలు తీసుకుని మధ్యాహ్నం రమ్మన్నారు.

తిరుపతమ్మ పొద్దుటే ట్రాలీ ఆటో మాట్లాడుకుని రసం బండిని కోర్టు గేటు దగ్గరికి తెచ్చి పెట్టింది. ఎండాకాలం, అంతమంది జనం, ఒక రోజు గిరాకీ ఎందుకు పోగొట్టుకోవాలని. అప్పటికే అప్పులవాళ్లలో పదిమందికి గ్లాసు ఇరవై చొప్పున అమ్మింది. సంతకం పెట్టినవాళ్లందరికీ ఊరికే పొయ్యమన్నాడు కొడుకు.

"నలభై గ్లాసులా? ఇదేం కోర్టురా, బాకీ లేనోళ్లను గూడ బాకీ జేస్తది!" అంటూనే మిషన్ తిప్పింది. కొన్నవాళ్లు ఇరవై రూపాయలు వాపసు అడిగితే అదో గొడవ. నేను సంతకం పెట్టి నా గ్లాసు తాగాను. సుమిత్రమ్మ రెండు తాగింది. "ఒకటి ఆటో కిరాయికి" అంది.

అందరూ పెట్టారు. లింబాద్రి పెట్టలేదు. ఆయన చేతిలో గ్లాసు కూడా లేదు. చెల్లని నోటు చూసినట్టు ఆ కాగితం చూస్తున్నాడు.

"పెట్టు మామ. నీదొక్కటే ఉంది" అన్నాడు పరమేశ్వర్.

"గియ్యాల నువ్వు కేసు తీస్తవ్. రేపు మళ్ల నంబర్ మారుస్తవ్. నా పైసలు గాన్నే ఉంటయి. నాకేం ఫాయిద?"

"ఏం జెయ్యమంటవ్ చెప్పు."

"బ్యాంకుకు రా నాతోని. నెల సంది నీ తరపున నేను పోతున్న. నువ్వొక్కపారి పో. పోయొచ్చినంక పెడ్త."

వాళ్లకు నా స్కూటర్ ఇచ్చాను. బ్యాంకులో జరిగింది ఇద్దరూ విడివిడిగా చెప్పారు, చిత్రంగా రెండూ ఒకటే.

మేనేజరు పేరు స్నేహలత. పరమేశ్వర్ కంటే నాలుగేళ్లు చిన్నదై ఉంటుంది. లింబాద్రిని చూసి కుర్చీ చూపించింది, ఇతన్ని చూసి కళ్లద్దాలు సర్దుకుంది.

"పరమేశ్వర్ అంటే మీరేనా? మీరు నిజంగా ఉన్నారన్నమాట. అయిదేళ్లలో పదిహేడు ఉత్తరాలు రాశాం."

"ముట్టినయి మేడం."

"చదివారా?"

"మీద అడ్రసు చదివిన."

ఆమె కంప్యూటర్లో చాలాసేపు వెతికింది. పాత ఖాతా, వడ్డీ పెరుగుతూ పోతోంది, బ్యాంకు ఎప్పుడో ఆశ వదిలేసింది. ఇలాంటివాటికి ఒకేసారి తేల్చుకునే పథకం ఉందని చెప్పింది. మూడు లక్షల అరవై వేలకు మాట్లాడుకోవచ్చు, నాలుగో వంతు ముందు కట్టాలి, మిగతాది పద్దెనిమిది నెలల్లో, లోక్ అదాలత్‌లో రాసుకుంటే జమానత్ కూడా దాంతోనే తీరిపోతుందంది.

"ఇది ఇదివరకు లేదా మేడం?"

"పోయిన మూడేళ్ల ఉత్తరాల్లో ఉన్నది ఇదే. ఐపీకి ఎంతైంది మీకు?"

"ఇరవై ఒక్క వేలు."

"కంఠేశ్వర్ నుంచి ఇక్కడికి ఆటో ముప్పై రూపాయలు."

ముందు కట్టవలసిన తొంభై వేలు పరమేశ్వర్ దగ్గర లేవు. మిషన్ అమ్మితే నలభై రావచ్చన్నాడు. లింబాద్రి అడ్డం వచ్చాడు.

"నా పైసలల్లకెల్లి తొంభై కోసుకొని, తతిమ్మ లక్షా డెబ్బై ఇడువుండ్రి మేడం. పసుపుకు అవి సరిపోతయి. కొంచెం తక్కువ పెడ్త."

"వద్దు మామ. మళ్ల నీ మీదనే పడుతది."

"నోర్ముయ్. ముప్పై రూపాయల ఆటో ఎక్కరానోనివి, నువ్వు నాకు చెప్తవా? మిషిను అమ్మితె మా అక్క ఏం తింటది, నీ సర్టిఫికెట్లా?"

మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చారు. లింబాద్రి సంతకం పెట్టాడు. అక్షరాలు ఒత్తిపెట్టి, తీరుబడిగా, తన పేరు మొత్తం రాశాడు. ఆ తర్వాత అక్క దగ్గరికి పోయి, "పొయ్యి, గొంతు ఎండుతుంది" అన్నాడు. పిటిషను ఉపసంహరించుకున్నట్టు కొట్టేశారు. ఐపీ పెట్టినవాడన్న పేరు మాత్రం కొట్టేయడానికి కోర్టుకు అధికారం లేదు. కంఠేశ్వర్‌లో కిరాణా ఆయన ఇప్పటికీ తిరుపతమ్మకు అరువివ్వడు. ఇచ్చినా ఆమె తీసుకోదు.

లోక్ అదాలత్ జూన్ మొదట్లో జరిగింది. తొంభై కట్టారు, హోల్డ్ తీసేశారు. లింబాద్రి ఆ ఏడు అరెకరం తక్కువ పసుపు పెట్టాడు. కోర్టు వసారాలో తాను అడిగిన మాట అరుణ్ అక్టోబరు దాకా మరిచిపోలేదు. నెలకు ఇరవై నాలుగు వేలకు పరమేశ్వర్‌ను ల్యాబులో పెట్టించాడు, ఈసారి ఏడాది పొడుగునా జీతం. ఆ ఉద్యోగం అడగడానికి అరుణ్ ఎక్కడున్నాడో అతనికి అయిదేళ్లూ తెలియదు. తెలుసుకోవడానికి ఒక దివాలా కావలసి వచ్చింది. బండి తిరుపతమ్మ చూసుకుంటుంది. పరమేశ్వర్ జీతంలో పదిహేను వేలు బ్యాంకుకు, అయిదు వేలు మామకు, మిగిలింది తనకు. ఫైనాన్సు ఆయన ఆరు వేలు తిరుపతమ్మే రోజుకింత తీర్చింది, రోజుకింత తిట్టింది.

ప్రతి నెలా అయిదో తేదీన లింబాద్రి ఖాతాలో అయిదు వేలు పడతాయి. ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఆయన మర్నాడు పొద్దున మొదటి బస్సుకు మోర్తాడ్ నుంచి వచ్చి, బ్యాంకు తలుపు తీసేసరికి నిలబడి ఉంటాడు. మొత్తం అయిదు వేలూ తీసేస్తాడు. రానూ పోనూ బస్సు ఖర్చు, ఒక పూట పని పోతాయి. పోయిన నెల నేనూ పింఛను పని మీద వెళ్లి ఆయన వెనకే లైనులో ఉన్నాను. స్నేహలత తన గదిలోంచి చూసి బయటికొచ్చింది.

"బాపూ, ఇంత దూరం ప్రతి నెలా ఎందుకు? ఖాతాలోనే ఉండనివ్వండి. హోల్డ్ ఎప్పుడో తీసేశాం. ఇక ఎవరూ ఆపరు."

"ఆపరు బిడ్డా, ఎరుకే" అన్నాడు లింబాద్రి, కాగితం కౌంటర్లోకి జరుపుతూ. "అయినా ఇయ్యి."